ఇందులో ఇథియోపియా ఎక్కడుంది మాస్టారూ?

విజయనగరం నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ అమ్మాయి విశాఖలో బి.ఎఫ్.ఎ. (చిత్రకళలో డిగ్రీ) చదువుతోంది. "కళాకారుల బహుళ సంస్కృతుల నేపథ్యం సమకాలీన నైరూప్య చిత్రంలో ఎలా కనిపిస్తుందో ఒక చిత్రం తీసుకుని వివరించండి" అని కాలేజీలో రాయమన్నారట. నైరూప్యం అంటే మనుషులూ వస్తువులూ పోలికలతో కనిపించని బొమ్మ. అమ్మాయి, అమెరికాలో ఉండే చిత్రకారిణి జూలీ మెహ్రెటు వేసిన 'స్టేడియా 2' ఎంచుకుంది. తల్లిగారు ఆ బొమ్మని ఫోన్‌లో చూసి మూడు సంగతులు అడిగారు. ఆవిడ ఇథియోపియాలో పుట్టింది అంటున్నారు, ఇందులో ఇథియోపియా ఎక్కడ, అమెరికా ఎక్కడ? ఈ పిచ్చిగీతలు మా ఆరేళ్ళ బాబు కూడా గీస్తాడు కదా? వీటికి కోట్లు ఎందుకు పోస్తున్నారు?

అమ్మా, మూడోదాంతో మొదలుపెడతాను. దాని గురించి నేను చెప్పాల్సింది తక్కువ. 2023 నవంబరులో ఆమె బొమ్మ ఒకటి, 2008లో వేసినది, న్యూయార్క్ వేలంలో కోటీ ఏడు లక్షల డాలర్లకు పోయింది. ఆఫ్రికాలో పుట్టిన కళాకారుల బొమ్మల్లో దేనికీ అప్పటికి వేలంలో అంత ధర పలకలేదు. అంతే. పొందూరు పంచె ఖరీదు చెబితే నూలు ఎంత సన్నదో తెలియదు కదా, ఇదీ అలాగే. ధర సంగతి వదిలేద్దాం.

నేను శ్రీకాకుళం జిల్లా హైస్కూళ్ళలో 31 ఏళ్ళు డ్రాయింగ్ మాస్టారుగా చేశాను. అంతకుముందు తొమ్మిదేళ్ళు గోడ రాతలు రాశాను. ఎరువుల ప్రకటనలు, సినిమాలు, ఎలక్షన్లు, ఏది వస్తే అది. ఈ బొమ్మ నాకు అర్థమైందంటే ఆ 31 ఏళ్ళ వల్ల కాదు, ఈ తొమ్మిదేళ్ళ వల్ల.

పిట్స్‌బర్గ్ అంటే మనవాళ్ళకి వెంకటేశ్వరస్వామి గుడి. మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు నన్నూ ముందు అక్కడికే తీసుకెళ్ళాడు. మర్నాడు వర్షం పడుతుంటే ఎక్కడికీ పోలేక కార్నెగీ మ్యూజియంకి వెళ్ళాం. అక్కడ చూశాను 'స్టేడియా 2'. ఎత్తు తొమ్మిది అడుగులు, వెడల్పు పన్నెండు. అంటే మన మామూలు ఇంట్లో హాలు గోడ మొత్తం. 2004లో ఇంకు, యాక్రిలిక్ రంగులతో కాన్వాస్ మీద వేసింది. దాన్ని మీరు అరచేయంత ఫోన్‌లో చూసి పిచ్చిగీతలు అన్నారు. మీ తప్పేం లేదు. పైడితల్లమ్మ సిరిమానోత్సవాన్ని స్టాంపు సైజు ఫోటోలో చూస్తే ఎవరికైనా ఒక కర్ర, కింద నలుసులే కనిపిస్తాయి.

దూరం నుంచి చూస్తే మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో ఖాళీ, దాని చుట్టూ వంపు తిరుగుతూ పైకి లేచే వరసలు. స్టేడియం గ్యాలరీ అని పేరు చూడకుండానే తెలుస్తుంది. పైనుంచి తోరణాల్లాగా రంగు ముక్కలు వేలాడుతుంటాయి: ఎరుపు, నీలం, పసుపు, ఎక్కడో ఒక నక్షత్రం, ఎక్కడో చారలు. జెండాలే అవి. కానీ ఏ ఒక్కటీ పూర్తిగా ఉండదు, ఇది ఫలానా దేశానిది అని వేలు పెట్టి చూపించలేం. వాటి మధ్య నల్లటి చిన్న చిన్న గీతలు గుంపులు గుంపులుగా, పొగలాగా, చీమలబారులాగా. ఇంత పెద్ద స్టేడియంలో మనిషి ఒక్కడూ లేడు. కానీ గోల మాత్రం వినిపిస్తుంది. మన శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియం గేటు బయట నిలబడ్డప్పుడు లోపల ఎవరు అవుటయ్యారో తెలియదు గానీ అరుపు వచ్చి చెవిలో పడుతుంది చూడండి, అలాంటిది.

నేను దగ్గరికి వెళ్ళాను. మరీ దగ్గరికి పోతే అక్కడి కాపలా ఆవిడ వెనక్కి రమ్మని సైగ చేసింది కూడా. అప్పుడు కనిపించింది అసలు విషయం. గీతలన్నీ ఒకే తలం మీద లేవు. కొన్ని పైన ఉన్నాయి. కొన్ని అద్దం కింద ఉన్నట్టున్నాయి. ఇంకొన్ని ఆ కింద, చెరువు అడుగున ఉన్న రాళ్ళలాగా మసకగా. మా అబ్బాయి "ఏంటి నాన్నా అలా నిలబడిపోయావు" అన్నాడు. నాకు నాగావళి వంతెన దగ్గరి మా గోడ గుర్తుకొచ్చింది.

ఆ గోడ కథ చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. 1977లో, అప్పటికి నాకు ఇరవై రెండు, ఆ గోడ మీద మా గురువు ఎలక్షన్లకి కాంగ్రెస్ వాళ్ళ ఆవూదూడ గుర్తు వేశాడు. నేను బకెట్టు పట్టుకున్నాను. తర్వాత దాని మీద సున్నం కొట్టి చెయ్యి గుర్తు వేశాం. మధ్యలో ఒక ఎరువుల కంపెనీ వాళ్ళ మొక్కజొన్న కంకి. 1983లో మళ్ళీ సున్నం కొట్టి సైకిల్. ఆ ఏడు వానలు కురిసేసరికి పైపొర సున్నం కరిగి, సైకిల్ చక్రంలోంచి దూడ మొహం బయటికి వచ్చింది. హ్యాండిల్ మీద నాలుగు వేళ్ళు. ఊళ్ళో జనం నవ్వుకున్నారు, పార్టీ వాళ్ళు మా గురువు మీద ఎగిరారు. సరిగా లప్పం పెట్టి ఉప్పు కాగితంతో రుద్దకుండా పైపైన సున్నం కొడితే అంతే, కిందది ఊరుకోదు.

'స్టేడియా 2' రోజుల్లో మెహ్రెటు చేసింది ఇదే పని, కాకపోతే కావాలని, ఎంతో శ్రద్ధగా చేసేది. ముందు కట్టడాల ప్లాన్లు, నగరాల మ్యాపులు సేకరించేది. వాటిని ప్రొజెక్టరుతో కాన్వాస్ మీద పడేట్టు చేసి సన్నటి ఇంకు గీతలతో ఎక్కించేది. దాని మీద రంగులేని, అద్దంలాంటి యాక్రిలిక్ పూత. ఆరాక దాన్ని నున్నగా అరగదీయడం. మళ్ళీ దాని మీద ఇంకో ప్లాను, ఇంకో పూత, మళ్ళీ అరగదీత. అన్నిటికీ పైన చేత్తో వేసిన నల్లటి గుర్తులు. ఆ చిన్న గుర్తులని ఆమె పాత్రలు అంటుంది. అవి గుంపు కడతాయి, వలస పోతాయి, కొట్టుకుంటాయి అన్నట్టు మాట్లాడుతుంది. ఇంత పని ఒక్క మనిషి వల్ల కాదు, సహాయకులు ఉంటారు. మన సినిమా బ్యానర్ల షెడ్లలో కూడా గళ్ళు గీసేవాడు ఒకడు, మొహాలు వేసేవాడు ఒకడు ఉండేవాళ్ళు, దానికెవరూ ఏమీ అనుకోలేదు.

ఆరేళ్ళ బాబు ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. పైపొరలో ఉన్న ఒక్కొక్క గీత మీ బాబు గీయగలడు, నిజమే. నేనూ గీయగలను. కింద ఉన్న నాలుగైదు పొరల్లో ఏది ఎంత కనిపించాలి, ఎక్కడ మునిగిపోవాలి, పైన వేసిన గీత కింది మెట్ల వంపుని ఎక్కడ కొట్టాలి అన్నది పిల్లలకి చేతకాదు. నాకూ చేతకాదు.

ఇక మొదటి ప్రశ్న.

జూలీ మెహ్రెటు 1970లో ఆడిస్ అబాబాలో పుట్టింది. తండ్రి ఇథియోపియన్, భూగోళశాస్త్రం చెప్పే ప్రొఫెసర్. తల్లి అమెరికన్, మాంటిస్సోరి బడి టీచర్. 1974లో అక్కడి సైన్యం హైలే సెలాసీ చక్రవర్తిని దించేసింది. ఆ తర్వాత రోజులు భయంకరంగా తయారయ్యాయి. 1977లో, పిల్లకి ఏడేళ్ళప్పుడు, కుటుంబం అమెరికాలో మిషిగన్ రాష్ట్రానికి వచ్చేసింది. అక్కడ కాలేజీలో చదువుతూ మధ్యలో ఒక ఏడాది సెనెగల్ రాజధాని డకార్‌లో చదువుకుంది. 1997లో రోడ్ ఐలండ్‌లో ఎం.ఎఫ్.ఎ. (చిత్రకళలో పీజీ) పూర్తి చేసింది. ఆ తర్వాత న్యూయార్క్‌లో స్థిరపడింది.

ఇంత కథ చదివాక విద్యార్థులు చేసే పని నాకు తెలుసు. ఎరుపు ముక్క కనిపిస్తే రక్తపాతం, పసుపు కనిపిస్తే ఆఫ్రికా ఎండ, నీలం కనిపిస్తే అట్లాంటిక్ సముద్రం అని రాసేస్తారు. మార్కులు కూడా పడతాయి. అది అబద్ధం. 'స్టేడియా 2'లో ఇథియోపియా ఎక్కడా లేదు. అమెరికా కూడా అలా విడిగా లేదు. ఉన్నది స్టేడియం. 2003లో ఇరాక్ యుద్ధం మొదలైంది, దాన్ని టీవీలు క్రికెట్ మ్యాచ్‌లాగా స్కోరుతో సహా చూపించాయి, మీకూ గుర్తుండే ఉంటుంది. 2004లో ఏథెన్స్‌లో ఒలింపిక్స్. జెండాల కింద జనం చేరి ఒకే గొంతుతో అరవడం అనే విషయం మీద ఆమె మూడు పెద్ద బొమ్మలు వేసింది, వాటిలో ఇది రెండోది. ఆటకి అరిచే గొంతూ యుద్ధానికి అరిచే గొంతూ ఒకటే కావడం అందులో ఉంది.

మరి నేపథ్యం ఎక్కడుంది? చేసే పద్ధతిలో ఉంది. ఒక దేశం ప్లాను మీద ఇంకో దేశం ప్లాను పెట్టి, కిందిదాన్ని చెరిపెయ్యకుండా, పైదాన్ని పూర్తిగా నమ్మకుండా ఉండే ఆ చూపులో ఉంది. పుట్టిన ఊరు ఏడేళ్ళకే కిందిపొర అయిపోయింది. మిషిగన్ దాని మీద పూత. డకార్ ఇంకో పూత. ఏ జెండానీ పూర్తిగా వేయకపోవడం, అన్నిటినీ ముక్కలుగా ఒకే గాలిలో ఎగరేయడం, రెండు దేశాలు ఇంట్లోనే ఉన్న పిల్ల చేతికి సహజంగా వచ్చిన అలవాటని నాకు అనిపిస్తుంది. ఇది నా ఊహే. కానీ రంగుల నిఘంటువు కంటే మెరుగైన ఊహ. తండ్రి భూగోళం పంతులు కావడం కూడా చిన్న సంగతి కాదు. ఆ ఇంట్లో మ్యాపు అంటే రోజూ చూసే వస్తువు అయి ఉంటుంది.

ఊళ్ళ పేర్లతో సహా కావాలంటే 2012లో వేసిన 'మొగమ్మ' చూడమనండి. నాలుగు కాన్వాసులు, ఒక్కొక్కటి పదిహేను అడుగుల ఎత్తు. ఈజిప్టు రాజధాని కైరోలో తహ్రీర్ చౌక్ పక్కన ఉన్న పెద్ద సర్కారీ భవనం పేరు అది. 2011లో అక్కడ జనం తిరగబడ్డారు కదా, దాని తర్వాత వేసింది. అందులో ఆడిస్ అబాబాలోని మెస్కెల్ చౌక్ కూడా వస్తుంది, న్యూయార్క్‌లో నిరసనలు జరిగిన జుకోటి పార్కు కూడా వస్తుంది. అక్కడ కూడా ఇథియోపియా వచ్చింది జ్ఞాపకాల బొమ్మగా కాదు, మిగతా కూడళ్ళ మధ్య ఒక కూడలిగా. ఇది మీ అమ్మాయి రాయాల్సిన మాట.

ప్రతి నైరూప్య చిత్రాన్నీ ముగ్గుతో పోల్చేవాళ్ళంటే నాకు చిరాకు. అయినా ఒక ముగ్గు సంగతి చెప్పకుండా ఉండలేను. మా అమ్మది ఇచ్ఛాపురం, పుట్టింట్లో ఒడియా మాట్లాడేవాళ్ళు. మార్గశిర లక్ష్మివారాల్లో బియ్యం నానబెట్టి రుబ్బి, ఆ పిండినీళ్ళలో వేళ్ళు ముంచి గడపనుంచి లోపలిదాకా లక్ష్మీదేవి పాదాలు, వరికంకులు వేసేది. వాళ్ళు దాన్ని ఝొటి అంటారు. మా నాయనమ్మది ఆమదాలవలస వైపు. ఆవిడకి ముగ్గంటే పొడిముగ్గు, చుక్కలు పెట్టి, గీత తెగకుండా. "తడి చేతుల్తో గడపంతా పులిమింది, ఇదేం ముగ్గు" అని సణిగేది. అమ్మ ఏమీ అనేది కాదు, వారం తిరిగేసరికి మళ్ళీ పులిమేది. పొడిముగ్గు మర్నాటి ఊడ్పులో పోయేది. తడిది నెలరోజులు ఉండేది. కాబట్టి ఎప్పుడూ నాయనమ్మ చుక్కల కింద నుంచి అమ్మ పాదాలు కనిపిస్తూ ఉండేవి.

నేను నలభై ఏళ్ళు బొమ్మలు వేశాను. ఒక్కదాంట్లో కూడా ఝొటి లేదు. "మీది తెలుగు, ఒడియా కలిసిన శైలి" అని ఎవరైనా అంటే నవ్వొస్తుంది. కానీ అక్షరం రాసేముందు కింద ఏముందో ఒకసారి తడిమి చూసే అలవాటు నాకు ఉంది. మా గురువుకి లేదు. అది ఆ గడప నుంచి వచ్చిందో, దూడ మొహం చూసి బుద్ధి రావడం వల్ల వచ్చిందో నేనే చెప్పలేను. నా సంగతే నేను తేల్చలేనప్పుడు, రంగు ముక్క చూసి మెహ్రెటు బాల్యం చెప్పేవాళ్ళని ఎలా నమ్మను?

ఇక్కడే నా కోపం ఒకటి చెప్పుకోవాలి. సీతంపేట కొండల్లో (ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి పోయింది గానీ మాకు ఇంకా శ్రీకాకుళమే) సవర గిరిజనులు ఇంట్లో ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో చనిపోయిన పెద్దల కోసం బొమ్మలు వేస్తారు. అందులో గుర్రాలు, ఏనుగులు, సూర్యచంద్రుల పక్కనే సైకిళ్ళు, విమానాలు కూడా వచ్చి చేరాయి. కొండా, మైదానం, ఆకాశంలో పోయే యంత్రం, అన్నీ ఒకే ఇంటి చట్రంలో. దాన్ని మనం జానపదం అని ఒక గదిలో పెట్టేస్తాం. న్యూయార్క్‌లో అదే పని జరిగితే బహుళ సంస్కృతుల నేపథ్యం అంటాం. మీ అమ్మాయికి ధైర్యం ఉంటే ఈ మాట కూడా రాయమనండి. మార్కులు తగ్గితే నన్ను తిట్టుకోండి.

అన్నీ పొగడ్తలే అనుకోకండి. 'స్టేడియా 2'లో ఆ జెండా ముక్కలు నాకు కాస్త సులువుగా అనిపించాయి. రంగు పడగానే కన్ను అటే పోతుంది, కింద ఉన్న సన్నగీతల కష్టం వెనకబడుతుంది. న్యూయార్క్‌లో ఒక బ్యాంకు లాబీకి 2009లో ఎనభై అడుగుల పొడవున పూర్తిచేసిన 'మ్యూరల్' ఫోటోల్లో చూశాను, అందులో ఆ రంగుల హోరు ఇంకా ఎక్కువ. గోడకి తగ్గట్టు గట్టిగా అరవాల్సి వచ్చిందేమో. 2016 నుంచి వేసినవి నాకు ఎక్కువ నచ్చుతాయి. వాటిలో ప్లాన్లు లేవు. వార్తల ఫోటోలు తీసుకుని, కంప్యూటర్లో ఏమీ గుర్తుపట్టలేనంతగా మసక చేసి, ఆ మసకని కింద పూతగా వేసి, దాని మీద గీస్తుంది. సిరియా యుద్ధంలో అలెప్పో నగరంలో కూలిన ఇళ్ళు, అమెరికాలో ఫెర్గసన్ వీధుల్లో గొడవలు, అలాంటివి. ఫోటో కనిపించదు, కానీ ఏదో జరిగిందని తెలుస్తూ ఉంటుంది. దూడ మొహం ఇంకా బయటికి రాలేదు, వస్తుందని మాత్రం తెలుసు, అలాంటి స్థితి.

ఇప్పుడు అమ్మాయి చేయాల్సిన పని. ముందు పుట్టుపూర్వోత్తరాలతో మొదలుపెట్టొద్దు, కంటికి కనిపించేదాంతో మొదలుపెట్టమనండి. పెద్దది చేసి చూసే వీలున్న మంచి ఫోటో కంప్యూటర్ తెర మీద తీసుకుని, ఒక తెల్లకాగితానికి అగ్గిపెట్టెంత కిటికీ కోసి, ఆ కిటికీలోంచి మూల మూలా చూడాలి. ఒక్కో చోట ఎన్ని పొరలు లెక్కకు వస్తున్నాయో, ఏ గీత దేని మీద నుంచి పోతోందో రాసుకోవాలి. ఒక పూట పడుతుంది. అది అయ్యాకే ఆడిస్ అబాబా, 1977, మిషిగన్. వాటికీ రెండు పేరాలు చాలు.

ఇంకా కుదిరితే చేత్తో చేసి చూడమనండి. మీరు విజయనగరంలోనే ఉన్నారు కాబట్టి సులువు. ఒక ట్రేసింగ్ కాగితం మీద కోట ప్లాను. 1713లో కట్టిన కోట, నలుచదరం, నాలుగు మూలలా బురుజులు, గీయడం తేలిక. ఇంకోదాని మీద సిరిమాను తిరిగే దారి, మూడు లాంతర్ల దగ్గర అమ్మవారి గుడి నుంచి కోట దాకా, మూడుసార్లు పోయి వచ్చినట్టు మూడు గీతలు. మూడోదాని మీద మీ ఇంట్లోవాళ్ళు ఎక్కడెక్కడికి పనికి పోయారో ఆ దారులు. ఉత్తరాంధ్రలో ప్రతి ఇంట్లోనూ ఉంటారు కదా, ఒకరు హైదరాబాద్, ఒకరు చెన్నై, వెనకటి తరంలో ఒకరు రంగూన్. మూడూ ఒకదానిమీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించి వెలుతురులో చూస్తే, పొరలంటే నేను ఏం చెబుతున్నానో ఈ ఉత్తరం మొత్తం కంటే బాగా అర్థమవుతుంది.

నచ్చితే అదే చిన్న కాన్వాస్ మీద ఇంకుతో ఎక్కించవచ్చు. నీళ్ళకి కరగని ఇంకు తీసుకోవాలి, లేకపోతే పూత వేయగానే గీతలన్నీ పారిపోతాయి. మొదటిసారి నాకు అదే జరిగింది. పూతకి యాక్రిలిక్ రంగులమ్మే షాపుల్లో రంగులేని గ్లాస్ మీడియం (gloss medium, మెరుపు పూత) దొరుకుతుంది, పలచగా రెండుసార్లు, మధ్యలో ఒక రాత్రి ఆరనివ్వాలి. అరగదీయడానికి 400 నంబరు ఉప్పు కాగితం, నీళ్ళు చిలకరించి, చేతి బరువు పెట్టకుండా. 120 నంబరు తీసుకుంటే కాన్వాస్ దారాలు లేచిపోతాయి.